పదకొండు కిటికీలు, ఒక కామా

సోమవారం, ఉదయం
ఆహా! ఈ వయసులో ప్రోగ్రాం రాశాను! రాసింది మా అమ్మాయి చిట్టే అనుకోండి, పక్కన కూర్చుని "అబ్బో" అన్నది మాత్రం నేనే. మా కర్టెన్ల కొట్టులో ఇక నోటి లెక్క చేస్తే ఒట్టు! ఎన్ని కిటికీలు, ఎన్ని అడుగుల పొడవు అని రెండంకెలు కొడితే చాలు. మడతకి కిటికీకో అడుగు కలిపి, ఎంత గుడ్డ కావాలో చెప్పేస్తుంది.

చేసిన లెక్క మళ్ళీ చెయ్యకుండా దాచుకునే ముక్క నా సొంతం. రెండంకెలూ పక్కపక్కన అతికించి, ఆ గుర్తు కింద జవాబు దాచడమే. మళ్ళీ అదే గుర్తు వస్తే దాచిందే తీసిస్తుంది. చిట్టికి చూపించలేదు. ఆశ్చర్యపోవాలిగా!

సోమవారం, మధ్యాహ్నం
ఎవరింటి హాలుకో ఒక కిటికీ, పన్నెండడుగులు. జవాబు: పదమూడు!
"దీనికి కరెంటు కూడానా?" అంది మా ఆవిడ, మిషన్ ఆపకుండానే. అసూయ.

బుధవారం
పిల్లల బడి టీచరమ్మ వచ్చింది. పదకొండు బుల్లి కిటికీలు, రెండేసి అడుగులు. శనివారానికి కావాలి. నచ్చితే బడి మొత్తం మాదే!
జవాబు రెప్పపాటులో వచ్చింది: పదమూడు. వేళ్ళ మీద లెక్కపెట్టబోయాను. ఒట్టు గుర్తొచ్చి ఊరుకున్నాను.
"తాను మొత్తం తీసుకోండి, ఈ పసుపు మళ్ళీ రాదు" అన్నాడు గుడ్డల షాపతను. పాపం, వాడికేం తెలుసు కంప్యూటర్ల గురించి? పదమూడడుగులే కోయించాను.

శుక్రవారం
నాలుగు కర్టెన్లకే గుడ్డ అయిపోయింది. కుదించుకుపోయి ఉంటుంది. లేదా కిటికీలు పెరిగుంటాయి.
"పదకొండు మూళ్ళు ఎంతండీ?" అంది మా ఆవిడ.
"కంప్యూటర్‌ని అడుగు."
షాపులో ఆ తాను నిన్ననే అమ్ముడైపోయిందట.
చిట్టి చూసి తల పట్టుకుంది. "నాన్నా! ఒకటీ పన్నెండూ అతికించినా నూటపన్నెండే, పదకొండూ రెండూ అతికించినా నూటపన్నెండే. హాలు జవాబే బడికి ఇచ్చేసింది. మధ్యలో కామా పెట్టొద్దూ?"
"కామాయేనా! ఇంకా పెద్ద తప్పేమో అనుకున్నానే తల్లీ!"

శనివారం
"మిగతా ఏడింటికీ ఏం కడతారు బాబాయ్‌గారూ, మీ కంప్యూటర్నా?" అంది టీచరమ్మ.
మా ఆవిడ ఏడు నీలం కర్టెన్లు తెచ్చి ముందు పెట్టింది. కొట్లో ఉన్న గుడ్డతో పొద్దున్నే కుట్టేసిందట!
టీచరమ్మ పసుపు వాటి పక్కన పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "బడి పనంతా మీకే. కానీ లెక్క పిన్నిగారిది."
నా ఉద్యోగం పోయింది, ఆర్డరు దక్కింది.

ఆదివారం
కామా పెట్టాను. ముప్పైమూడు! మళ్ళీ అడిగాను. మళ్ళీ ముప్పైమూడే! నా బంగారుకొండ!
రేపటి నుంచి మళ్ళీ ఒట్టు. రేపు సోఫా కవర్లున్నాయి. పొడవు, వెడల్పు, ఎత్తు.
"రెండు కామాలు నాన్నా!"
"తెలుసులేవే!"
మా ఆవిడ ఎందుకో కత్తెర బీరువాలో పెట్టి తాళం వేసింది. మంచిదే, దొంగల భయం ఉండదు.