నా చేతికి అందరూ వేడే

మేడమ్ గారికి,

మీ ప్లేస్కూల్లో పిల్లల్ని చూసుకునే ఆయా నమస్కరించి రాసుకున్నది.

పొద్దున్నే పిల్లల నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరం లేకపోతేనే లోపలికి పంపడం తొమ్మిదేళ్లుగా నా పని. ఏడాదిగా నా ఒళ్లు మంచుగడ్డలా ఉంటోంది. నాలుగు మెట్లెక్కితే కూలబడుతున్నాను. థైరాయిడ్ పరీక్ష రెండుసార్లు చేయించాను. "అంతా నార్మలేనమ్మా, నీకే జబ్బూ లేదు" అన్నారు డాక్టరుగారు. థర్మామీటరు తొంభై అయిదు దాటకపోతే, మా ఆయన అది పాడైందని ఇంకోటి కొన్నాడు. అదీ అంతే.

నా చేతికి ప్రతి బిడ్డా వేడిగానే తగులుతుంది. పోయిన నెల బాగున్న ముగ్గుర్ని జ్వరమని ఇంటికి పంపి మీచేత చీవాట్లు తిన్నాను. అందుకే నిన్న మన పిల్లల్లో అందరికన్నా చిన్నపాప నుదురు కాలుతున్నట్టున్నా, నా చెయ్యే చల్లగా ఉందిలే అనుకుని లోపలికి పంపాను. మధ్యాహ్నానికి పాప సోలిపోయింది.

తప్పు నాదే. నన్ను గిన్నెలు కడిగే పనిలో వేయండి. సెలవు పెడదామంటే చీటీలో ఏ జబ్బని రాయాలో తెలియడం లేదు.

పాపకి ఎలా ఉందో ఎవరిచేతనైనా కబురు చేయండి. నిన్న ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో వచ్చేదాకా నా చేతిని నుదుటికి అదుముకునే ఉంది. "చల్లగా ఉంది ఆయమ్మా, తియ్యొద్దు" అంది.