పాట తెగిన చోట

జూన్ 2, సోమవారం

పాట మళ్లీ తెగింది. "గొడుగు తెచ్చాను" దాకా వచ్చి ఆగిపోయింది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు ఇంకో చరణంలో తేలింది. అమ్మ బల్ల మీద కొట్టింది. పాల గ్లాసు ఒలికింది.

అమ్మకి ఫిబ్రవరిలో స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి మెల్లగా దారికొస్తోంది. మాట మాత్రం రాలేదు. మా ముందు గదిలో అమ్మ బట్టలు కుట్టేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కొలతలయ్యాక కూడా అమ్మ కబుర్ల కోసం కూర్చునేవాళ్లు. అలాంటి మనిషికి ఇప్పుడు చెంచా చూపించి ఇదేంటమ్మా అంటే పెదవులు కదుపుతుంది, తల దించుకుంటుంది.

కానీ పాట పెడితే పాడుతుంది. మాటలతో సహా.

స్పీచ్ థెరపిస్టుని మా అత్త, నాన్న చెల్లెలు, మాటల టీచరమ్మ అంటుంది. మాటల గది తలుపు బిగుసుకుపోయింది, పాటల గది తలుపు తెరిచే ఉంది, అటు నుంచి లోపలికి వెళ్దాం అని ఆ టీచరమ్మ చెప్పింది. ఆ వాక్యం నాకెంత నచ్చిందో. రోజంతా పాటలు పెట్టమంది. అమ్మ ఏ గదిలో ఉంటే ఆ గదిలో వినిపించాలంది. అందుకే హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి వైర్లెస్ స్పీకర్లు పెట్టాం. ఆ బాధ్యత నాది. ఈ ఇంట్లో మాన్యువల్ని మొదటి పేజీ నుంచి చదివేది నేనొక్కదాన్నే.

జూన్ 3, మంగళవారం

రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. లోకంలో అందరూ ముందు చేసేది అదే. కాఫీ చల్లారేదాకా బాగుంది.

జూన్ 5, గురువారం

పాటకి నత్తి వచ్చింది అని రాసి కొట్టేశాను. అమ్మ ఉన్న ఇంట్లో ఆ మాట స్పీకర్ మీద కూడా వాడబుద్ధి కాలేదు. మాటలు నాకు కొత్తగా ఇష్టమవుతున్న సంవత్సరంలోనే అమ్మకి మాట పోవడం ఏంటో. కాలేజీలో ఒక మంచి మాట నేర్చుకుని ఇంటికి వస్తే సిగ్గేస్తోంది, ఆకలితో ఉన్నవాళ్ల ముందు తింటున్నట్టు.

కస్టమర్ కేర్ అబ్బాయికి ఫోన్ చేశాను. మేడం, మా వైపు సిగ్నల్ సూపర్‌గా ఉంది మేడం అన్నాడు. పాట తెగుతుంటే రికార్డు చేసి పంపమన్నాడు. సరే. ఫోన్ హాల్లో బల్ల మీద పెట్టి రికార్డింగ్ వదిలేస్తున్నాను. పాట తెగగానే లైట్లు చూడ్డానికి రూటర్ దగ్గరికి పరిగెడుతున్నాను. లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి.

జూన్ 7, శనివారం

దొంగ దొరికింది. అత్త.

అమ్మకి ఒంట్లో బాగా లేనప్పటి నుంచి మా అత్త ఇక్కడే ఉంటోంది. వంట తనదే, అమ్మ స్నానం తనదే. మధ్యాహ్నం మాత్రం ఫోన్లో సీరియల్ పెట్టుకుని కూర్చుంటుంది. వైఫై అంతా దానికే పోతోందని లెక్కేసి, చెప్పకుండా పాస్‌వర్డ్ మార్చాను.

సాయంత్రం

అత్త ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసుకుని పక్కన పెట్టేసింది. తర్వాత, ఏమే అమ్మడూ, నేనొక్కదాన్ని చూస్తేనే ఊరంతా ఆగిపోతుందా అంది. నవ్వుతూనే అంది. రాత్రి అన్నం తక్కువ తింది.

జూన్ 8, ఆదివారం

అత్త సీరియల్ లేకపోయినా పాట తెగుతూనే ఉంది.

జూన్ 10, మంగళవారం

ఇవాళ పాట తెగినప్పుడు అమ్మ గొంతు లోపల ఏదో పెనుగులాడింది. ముఖం ఎర్రబడింది. ఏడ్చేసింది. నాన్న అప్పుడే డిపో నుంచి వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా స్పీకర్ ప్లగ్ పీకేశాడు. మీ అమ్మని బాగుచేస్తున్నారా, కాల్చుకు తింటున్నారా అన్నాడు. ఆదివారం లోపు సరిగ్గా పాడితే సరే, లేకపోతే ఈ డబ్బాలు ఇంట్లో ఉండకూడదన్నాడు. నాన్న గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. మాట్లాడాక తనే భయపడ్డట్టు అమ్మ వైపు చూశాడు.

జూన్ 12, గురువారం

దారం తెగిన ప్రతిసారీ మిషన్ని తిట్టకు, సూది చూడు అనేది అమ్మ. ఆ మాట గుర్తొచ్చి కుట్టు గదిలోకి వెళ్లాను. రూటర్ లైట్లు చూడ్డానికి నేను పరిగెత్తడం తప్పితే, ఫిబ్రవరి తర్వాత ఎవరూ ఆ గదిలో నిలబడలేదు. మిషన్ మీద ఒక జాకెట్ అలాగే ఉంది, ఒక చెయ్యి కుట్టి, ఒక చెయ్యి కుట్టకుండా.

రూటర్ ఉండేది ఆ గదిలోనే, నిలువుటద్దం వెనక గూట్లో. నేను రోజూ పక్క నుంచి తొంగి చూసి లైట్లు చూసేదాన్నే గాని, అద్దం సంగతి తట్టలేదు. దాన్ని అక్కడ పెట్టించింది అమ్మే. బట్టలు వేసుకుని చూసుకునేవాళ్ల కళ్లు ఆ మిణుకు మిణుకుల మీదికి పోతున్నాయని, మనిషి తన్ను తాను చూసుకోవాలి గాని ఈ లైట్లనేంటి అని. అద్దం వెనక పూతలో లోహం ఉంటుందట. వైర్లెస్ దానికి తగిలి వెనక్కి పోతుందట. నెట్‌లో వెతికి చదివాను. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే.

రూటర్ తెచ్చి హాల్లో బీరువా మీద పెట్టాను.

పాట తెగలేదు. వంటింట్లో తెగలేదు. పడగ్గదిలో తెగలేదు.

జూన్ 13, శుక్రవారం

అమ్మ మొత్తం పాట పాడింది! నాన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. అత్తకి కొత్త పాస్‌వర్డ్ చెప్పి క్షమించమన్నాను. వద్దులేవే, అలవాటు తప్పింది అంది. పప్పు ఉడికేలోపు సీరియల్ మొదలైంది.

జూన్ 20, శుక్రవారం

మాటల టీచరమ్మ వచ్చింది. మేం గొప్పగా పాటలు వినిపించాం. ఆవిడ విని, స్పీకర్ ఆపి, చెంచా చూపించింది. దువ్వెన చూపించింది. అమ్మ కిటికీ వైపు చూసింది. కిందటిసారి పెదవులైనా కదిపింది.

పాట చెయ్యి పట్టుకుని బాగా నడుస్తోంది, చెయ్యి వదిలితే అడుగు వెయ్యడం లేదు అంది టీచరమ్మ గేటు దగ్గర. నిదానంగా చూద్దాం అంది. మొదటి నెలలు చాలా ముఖ్యం అని కూడా అంది. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో అడగలేదు.

జూన్ 22, ఆదివారం

ఇది మర్చిపోకముందే రాసెయ్యాలి.

ఫోన్లో చోటు లేదని కస్టమర్ కేర్ కోసం చేసిన రికార్డింగులు తీసేస్తున్నాను. తీసేముందు ఒకటి విన్నాను. "గొడుగు తెచ్చాను" దగ్గర పాట తెగింది. నా చెప్పుల చప్పుడు, పరిగెత్తుతూ దూరమైపోయింది. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, గరగరలాడుతూ, అమ్మ గొంతు.

వాన, అంది.

పాట రాలేదు అప్పటికి. పాటలో తర్వాతి మాటని పాటకంటే ముందే అమ్మ అంది.

అన్నీ విన్నాను. కొన్నింట్లో ఏమీ లేదు, మూలుగూ బల్ల చప్పుడూ తప్ప. ఒకదాంట్లో సగం మాట. ఇంకోదాంట్లో మళ్లీ వాన. తెగిన చోటల్లా అమ్మ అందుకోబోయింది. మేమెవరమూ వినలేదు. అత్త గ్లాసు తుడుస్తోంది. నేను లైట్లు చూస్తున్నాను.

ఆ చోట్లనే నేను బాగుచేసి పూడ్చేశాను.

జూన్ 23, సోమవారం

టీచరమ్మకి ఫోన్లో రికార్డింగ్ వినిపించాను. పాట ఎక్కడ తెగిందో అడిగింది. తర్వాత, పాట మధ్యలో ఆపండి, మాట అందించకండి, ఆగండి అంది.

పాట మధ్యలో నేనే ఆపాను. అమ్మ నా వేలు చూసింది, నా ముఖం చూసింది, మూతి బిగించి అటు తిరిగింది. అమ్మకి తెలిసిపోయింది, ఇదీ చెంచా లాంటి పరీక్షేనని. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. అద్దం వెనకుంటే రూటర్ అమ్మని పరీక్ష చెయ్యదు. దానికి తోచినప్పుడు తెగుతుంది, అంతే.

జూన్ 24, మంగళవారం

రూటర్ తిరిగి అద్దం వెనక పెట్టేశాను. ఇంత చదివి మళ్లీ మొదటికే వచ్చావా, నీ చదువు చల్లగుండ అంది అత్త. నాన్న ఒప్పుకోలేదు. బాగుపడ్డదాన్ని చెడగొడతావా అన్నాడు. రికార్డింగ్ పెట్టి వినిపించాను. నాన్న రెండోసారి పెట్టమన్నాడు. ఆ తర్వాత చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆరు

తెగింది. నేను కదల్లేదు. కుర్చీ అంచు పట్టుకున్నాను. అమ్మ గొంతు లోపల ఆ పెనుగులాట. అందించెయ్యాలని నా నాలుక మీదే ఉంది ఆ మాట. అత్త నా మోకాలు గట్టిగా నొక్కింది. అమ్మ బల్ల మీద కొట్టింది. ఏమీ రాలేదు.

నేను చేస్తున్నది మంచో చెడో నాకు తెలియదు. ఇక్కడ తప్ప ఎవరికీ చెప్పను.

జూన్ 27, శుక్రవారం

ఏమీ లేదు. అమ్మ నా చేతి అన్నం తినలేదు. అత్త పెడితే తింది.

జూన్ 30, సోమవారం

వాన.

నాన్న విన్నాడు. పీట మీద కూర్చుని చాలాసేపు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

జూలై 3, గురువారం

తలుపు. పడవ. పడవ అన్నాక తనే నవ్వింది. పాటలో అక్కడ ఉండేది తెడ్డు. అత్త, పోన్లే వదినా, పడవ ఉంటే తెడ్డు ఎక్కడికి పోతుంది అంది.

జూలై 6, ఆదివారం

మధ్యాహ్నం పాట తెగింది. మేం ముగ్గురం అమ్మ నోటి వైపే చూస్తున్నాం. అమ్మ మా ముఖాలు వరసగా చూసింది.

చాలు, కట్టెయ్, అంది.

అది ఏ పాటలోదీ కాదు.

కట్టేశాను.