ఫారం మీద నాయన టోకెన్ నంబరు

అమ్మా జాయ్స్,

నేను పనికి బెంగళూరు రైలుకు పోతా ఉండాను. నిద్రలో ఉండావని లేపలేదు. దూడకు పక్కింట్లో పాలు తెచ్చి కాచి పెట్టినాను. గోరువెచ్చగా చేసి తాపు. అది బకెట్లో మూతి పెట్టదు, నీ వేళ్ళు పాలలో ముంచి నోటికిస్తే చప్పరిస్తాది. తొందరపెట్టొద్దు.

కొత్తగా తెరిచిన పశువుల డాక్టరు కాలేజీ ఫారం బైబిల్లో ఉండాది. ఈ పొద్దే ఆఖరు తేదీ. మొన్న డాక్టరు వచ్చేలోపలే ఆవు పోయినప్పటి నుంచి నువ్వు ఆ ఫారం మాటే ఎత్తలేదు. పంపేదీ మానేదీ నీ ఇష్టం. గని మూసేటప్పుడు నన్నెవరూ అడగలేదు. నిన్ను ఈ ఫారంలో అడుగుతా ఉండారు, అంతే.

తండ్రి సంతకం పెట్టేసినాను.

నాయన

సంతకం కింద అలవాటుగా నా గని టోకెన్ నంబరు కూడా రాసేసినాను. మూసి ఆరేండ్లయినా చెయ్యి మరవలేదు. కొట్టేస్తే ఫారం చెల్లదేమోనని వదిలేసినాను. ఎవరైనా అడిగితే, గనిలోకి దిగేముందు మా నాయన చెప్పే నంబరు అని చెప్పు. దిగిన ప్రతిసారీ పైకి వచ్చినాడని కూడా చెప్పు.