మేస్త్రిగారి మేనల్లుడు

రావులపాలెం,
జయ నామ సంవత్సరం, శ్రావణ మాసం.

రంగూనులో ఉన్న ముసలయ్య మేస్త్రిగారికి కొండేటి బుల్లెబ్బాయి ఇక్కణ్ణుంచే పెట్టే దణ్ణాలు.

అది కాదండీ, తూకం దగ్గర కూర్చోబెడతానని ఓడెక్కించి, తీరా దిగాక బస్తాల కింద పెట్టడమేంటండీ? మా తమ్ముడి కొడుకు అబ్బులుకి భుజం పుండైపోయిందని, వెల్లకిలా పడుకోలేకపోతున్నాడని, మొన్న స్టీమరు దిగినవాళ్ళు చెప్పారు. జీతమంతా మీ కొట్లో బియ్యానికే సరిపోతోందట. బియ్యం మిల్లులో పనిచేసేవాడు బియ్యం కొనుక్కు తినడం నేనెక్కడా వినలేదు. మిఠాయి కొట్లో ఈగకున్నపాటి మర్యాద కూడా లేదా మావాడికి?

మా తమ్ముడు పోయాక వాడికి పెద్దదిక్కుని నేనే. మూడేళ్ళ కాగితం మీద వేలిముద్ర వేసింది వాడే, కాదనను. కానీ అందులో ఏముందో వాడికి చదివి వినిపించింది మీరు. దయచేసి కుర్రాణ్ణి వదిలిపెట్టండి.

ఇట్లు, జవాబు కోసం వీధిలోకి చూస్తూ,
బుల్లెబ్బాయి.

తా.క.: మీరు మా ఊరొచ్చినప్పుడు అబ్బులు తల్లి, మా మరదలు చిన్నమ్మాయి, మీకు బొమ్మిడాయిల పులుసు వడ్డించింది. మీరు మారు వేయించుకున్నారు. అదేమీ మేం కాగితం మీద రాసుకోలేదు.

రంగూను,
భాద్రపదం.

బుల్లెబ్బాయిగారికి ముసలయ్య మేస్త్రి రాయునది. ఇక్కడ నేను క్షేమం, మిల్లు క్షేమం.

అడ్వాన్సు పుచ్చుకుని గడువు తీరకుండా పని మానేస్తే కోర్టు, ఆ తర్వాత జైలు. చట్టం దొరలది, నేను చేసింది కాదు. భుజం పుండంటారా, బస్తా రెండో భుజానికి మార్చుకోమని చెప్పాను.

అయినా నేనేమన్నా పరాయివాణ్ణా? చిన్నమ్మాయిని నోరారా అక్కా అని పిలిచాను. "నీ కొడుక్కి నేను మేనమామని" అన్నాను. ఇప్పుడూ అంటాను, పదిమందిలోనూ అంటాను. మేనమామ చేతికింద ఉన్నవాడి గురించి మీకు బెంగెందుకండీ?

ఇట్లు, పని తొందరలో,
ముసలయ్య మేస్త్రి.

తా.క.: ఆ పులుసులో ఉప్పు తక్కువైంది. అక్క కదా అని ఊరుకున్నాను.

రావులపాలెం,
ఆశ్వయుజం.

బావమరిది ముసలయ్యకి ఆశీస్సులు. వరస కలిసింది గనక గారు తీసేశాను. అండీ మాత్రం ఉంచాను.

మీ ఉత్తరం చిన్నమ్మాయికి చదివి వినిపిస్తే కొంగుతో కళ్ళొత్తుకుంది. పాపం, ఆవిడకి తోడబుట్టినవాళ్ళెవరూ లేరు. "ఇన్నాళ్ళకి నాకో తమ్ముడు దొరికాడండి బావగారూ. వాడి దగ్గర ఆ సంగతి దాస్తే పాపం కాదా?" అంది. అందుకని రాస్తున్నాను.

అబ్బులు పేగు మెళ్ళో వేసుకుని పుట్టాడు. అలా పుట్టినవాడి మొహం మేనమామ తిన్నగా చూడకూడదు. ముందు నూనెలో నీడ చూసి, ఆ తర్వాతే మొహం చూడాలి. లేకపోతే మేనమామకి గండం. ఇదంతా మీకు నేను చెప్పాలా? మీరూ గోదారి నీళ్ళు తాగినవారే. వాడికి మేనమామ లేడు గనక నూనె మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరిమీద పడాలో తెలియక ఆ గండం ఇన్నేళ్ళుగా ఊరికే కూర్చునుంది. ఇప్పుడు మీరు దొరికారు.

ఇట్లు, మీ మేలు కోరే
బావ బుల్లెబ్బాయి.

తా.క.: వాడి మొహం ఇప్పటికి ఎన్నిసార్లు చూసుంటారో ఓసారి గుర్తుచేసుకోండి. కంగారేం లేదు.

రంగూను,
కార్తికం.

బుల్లెబ్బాయిగారికి నమస్కారం.

సముద్రం దాటొచ్చినవాణ్ణి, ఇలాంటివి నమ్మను. పైగా నేను నోటిమాటగా మేనమామనన్నాను గానీ రక్తసంబంధమా ఏమన్నానా?

అయితే మొన్న రేవులో బల్ల మీంచి కాలు జారింది. నిన్న పన్ను ఊడింది. అది ఎప్పట్నుంచో కదులుతున్నదే లెండి. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. దీనికి విరుగుడేంటి?

ఇట్లు, ముసలయ్య.

తా.క.: మొహం పక్కనుంచి చూసినా లెక్కేనా?

రావులపాలెం,
మార్గశిరం.

బావమరిదికి దీర్ఘాయుష్షు. ఈమాటు ఊరికే రాయలేదు, మనసారా రాశాను.

నోటిమాట చెల్లదంటే ఎలాగండీ? కాగితం మీద ముక్క కదలదంటారు, అక్కా అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటానంటారా? కాగితాన్ని దొరలు చూసుకుంటారు. మాటని చూసుకోడానికి పైనొకడున్నాడు.

విరుగుడు తేలికే. కొడుకు పక్కన తల్లి కూర్చోవాలి. కంచుగిన్నెలో నువ్వులనూనె పొయ్యాలి. మేనమామ అందులో నీడ చూడాలి. అంతే. తల్లి ఇక్కడుంది, కొడుకు అక్కడున్నాడు. చిన్నమ్మాయికి బల్లకట్టెక్కితేనే కళ్ళు తిరుగుతాయి, ఓడ మాట చెప్పకండి. వాడే రావాలి.

ఈలోగా జాగ్రత్త. బస్తా ఎత్తుకుని వచ్చేవాడి మొహం మీకెప్పుడూ ఎదురే. గోడవైపు తిరిగి కూర్చున్నవాడితో ఆ భయం లేదు.

ఇట్లు, బావ బుల్లెబ్బాయి.

తా.క.: పక్కనుంచి చూస్తే సగం గండం. ఏ పక్కనుంచి చూస్తే ఆ పక్క పడిపోతుంది.

రంగూను,
పుష్యం.

బావగారి పాదాలకి ముసలయ్య నమస్కారాలు.

మీరు రాసినట్టే వాణ్ణి గోడవైపు కూర్చోబెట్టాను. హాయిగా కునుకు తీస్తున్నాడు. నేను గొడుగు అడ్డం పెట్టుకుని మిల్లంతా తిరుగుతున్నాను. "ఏం మేస్త్రీ, లోపల వాన పడుతోందా?" అని దొర అడిగాడు.

విరుగుడు ఇక్కడే కానిచ్చేద్దామని ఓ ముసలమ్మని తల్లి స్థానంలో కూర్చోబెట్టాను. నువ్వులనూనె ఖరీదని గిన్నెలో కిరసనాయిలు పోశాను. నీడ సరిగ్గా ఆనకపోతే దీపం దగ్గరికి జరిపాను. మీసం పోయింది.

ఇక నావల్ల కాదండి. కాగితం చింపేశాను, ముక్కలు ఇందులో పెట్టాను. అడ్వాన్సు అడగను. టిక్కెట్టు నేనే కొని అబ్బుల్ని కాకినాడ స్టీమరెక్కించాను. వాడితోపాటే ఓడెక్కి వచ్చిన మీ పక్కింటి చిట్టియ్యని బస్తాలు మాన్పించి నాకు వంటకి పెట్టుకున్నాను. లేస్తూనే వాడి మొహం చూస్తున్నాను. ప్రాణం లేచొచ్చింది.

ఇట్లు, బతికి బయటపడిన
ముసలయ్య.

తా.క.: మీసం మళ్ళీ వస్తుందంటారా? అది పోవడం గండం వల్లా, కిరసనాయిలు వల్లా?

రావులపాలెం,
మాఘం.

బావమరిదికి ఆశీస్సులు, ఇంకాస్త ఎక్కువగా.

అబ్బులు క్షేమంగా దిగాడు. వాళ్ళమ్మ భుజానికి పసుపు పట్టిస్తోంది. మీ కాగితం ముక్కలతో పొయ్యి చక్కగా రాజుకుంది. మీరొస్తే నీడ చూస్తారని కంచుగిన్నె తోమి అరుగు మీద పెట్టాం. అక్కడే వచ్చింది చిక్కు.

మా ఊరి మంత్రసాని మహాలక్ష్మమ్మ అటు పోతూ, "గిన్నె ఎందుకురా?" అంది. చెప్పాను.

"నీకు మతిగానీ పోయిందేంట్రా బుల్లెబ్బాయ్? అబ్బులు నిక్షేపంలా పుట్టాడు. పేగేసుకుని పుట్టింది పక్కింటి చిట్టిగాడు. ఈ చేతుల్తోనే విప్పాను!"

పరుగున పక్కింటికెళ్ళాను. చిట్టియ్య తల్లి పెద్దింట్లమ్మని పిలిచి, "అమ్మా, మేస్త్రిగారు నిన్నేమని పిలిచారు?" అని అడిగాను.

"అక్కా అన్నారండి. నీ కొడుక్కి నేను మేనమామనన్నారండి. మా ఇంట్లోనూ భోంచేశారండి."

ఆ మాట విని వీధిలో ఆడవాళ్ళంతా బయటికొచ్చారు. ప్రతి ఇంట్లోనూ మీరు తమ్ముడేనట! మీ అంత పుట్టింటివారు ఈ వీధిలో ఇంకెవరూ లేరు.

కాబట్టి ఆలస్యం చెయ్యకండి. చిట్టియ్య కాగితం చింపి వెంటనే స్టీమరెక్కించండి. అన్నం కళ్ళు మూసుకుని తినండి.

ఇట్లు, మీ ప్రాణం గురించే బెంగపడుతున్న
బావ బుల్లెబ్బాయి.

తా.క.: మీ దగ్గరున్న మా ఊరి కుర్రాళ్ళందరికీ పురుడు పోసింది మహాలక్ష్మమ్మే. పెద్దదైపోయింది కదండీ, ఒక్కొక్కటే గుర్తొస్తోంది ఆవిడకి. ఇప్పుడే అరుగు మీంచి, "ఒరే బుల్లెబ్బాయ్, కలం పట్టుకు రారా, ఇంకోడు గుర్తొచ్చాడు!" అని కేకేస్తోంది. ఉండండి, వాడెవడో కనుక్కొచ్చి ఇక్కడే