బండి బాగానే ఉంది

అన్నయ్యకి,

నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను బాగున్నాను. నాన్న కూడా బాగున్నాడనే రాస్తున్నాను, డాక్టరు చెప్పిన మాట అదే కనుక.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. నాన్న గదికీ నా గదికీ మధ్య ఉన్నది చెక్క గోడ. ఇది నోటితో చెప్పగలిగే సంగతి కాదు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. మెట్ల మీద బల్బు మార్పించాను. పళ్ళ డాక్టరు దగ్గర నా ఉద్యోగం అలాగే ఉంది. ఆయన పీకుతాడు, నేను తర్వాతివాళ్ళని పిలుస్తాను. నాన్న కంటికి ఆపరేషను లాభం లేదన్నారు, నరం ఎండిపోతోందట. ఉన్న చూపు ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే. ఇక, "ఫోన్లో నా గొంతు విని ఎవరు, ఎవరు అని మూడుసార్లు అడిగాడు, చెవుడు కూడా వచ్చిందా" అని రాశావు. పరీక్ష చేయించాను. గుండుసూది పడినా వినిపిస్తుందన్నారు. మరి ఎందుకలా అడిగాడో చెప్పాలంటే బండి దగ్గర మొదలుపెట్టాలి.

ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు చించుతూ డ్రైవరు వీపు చూస్తూ బతికిన మనిషికి ఆ చిన్న పెట్రోలు కారు ఏమిటో నీకు తెలుసు. పొద్దున్న స్టార్టు చేస్తే ఇంజను వేడెక్కేదాకా గట్టిగా తొక్కేవాడు కాదు. "నిద్రలేచినవాణ్ణి లేచినట్టే పరుగెత్తిస్తామా?" అనేవాడు. కంపెనీ పుస్తకం పదివేల కిలోమీటర్లకి ఆయిలు మార్చమంటే ఈయన ఐదువేలకే మార్చేవాడు, అదీ తన చేత్తోనే. అమ్మ మందుబిళ్ళ ఏ రంగో ఏనాడూ తెలియని మనిషికి ఆ బండి ప్లగ్గులు ఎప్పుడు మార్చాడో తేదీలతో సహా తెలుసు. నేను నేర్చుకుంటానంటే మాత్రం, "నీకు క్లచ్చు కాలు లేదే అమ్మడూ" అని నవ్వేవాడు. ఆ సీట్లో నన్ను ఒక్కసారైనా కూర్చోనివ్వలేదు.

పక్కవాటా పాప సైకిలు మీదికి నాన్న బండి ఎక్కించిన సంగతి నీకు రాశాను. పాప మంచినీళ్ళకని అప్పుడే లోపలికి వెళ్ళింది. సైకిలు నుజ్జయింది. "రాయి తగిలిందనుకున్నా" అన్నాడు. అయినా తాళాలు ఇవ్వలేదు. అప్పుడు నువ్వు రాశావు, "ఏదో ఒకటి చెయ్యి. ఏం చేశావో నాకు చెప్పకు" అని. చేశాను. చెప్పొద్దన్నావు కానీ చెబుతున్నాను, ఒక్కదాన్నే ఎందుకు మొయ్యాలి?

మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను.

"పెట్రోలు పంపు ఫ్యూజు పీకేస్తే సరి. వేలిగోరంత ముక్క. ఎంత తిప్పినా ఇంజను అందుకోదు" అన్నాడు.

"బాగుచెయ్యమంటాడుగా."

"అయితే బాగుపడని జబ్బు చెబుదాం."

"తప్పు ఆయనదే అని చెప్పండి. లేకపోతే ఇంకో బండి కొంటాడు" అన్నాను. ఈ మాట నాది, అతనిది కాదు.

ఆ రాత్రే ఫ్యూజు పీకేశాను. మర్నాడు బండి అందుకోకపోతే, నాన్న ఎదురుగా బానెట్టు ఎత్తి మెకానిక్కు తల పంకించాడు. "ఈ ఇంజన్లో టైమింగు బెల్టు ఆయిల్లోనే తిరుగుతుంది సార్. దీనికి పడే ఆయిలు వేరు, మీరు పోసింది వేరు. బెల్టు నాని పొడిపొడిగా రాలింది. ఆ పొడి ఆయిలు జల్లెడకి అడ్డంపడింది. ఆయిలు పైకెక్కక లోపలంతా అరిగిపోయింది."

"డబ్బా మీద నంబరు చూడకుండా చుక్క కూడా పొయ్యనయ్యా నేను."

నేనే మూలనున్న ఆయిలు డబ్బా తెచ్చి చేతిలో పెట్టాను. "ఏముందో చదువు నాన్నా."

దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు, వెలుతురుకి తిప్పాడు. చదవలేదు. మెకానిక్కు వేరే బండిదేదో కుళ్ళిన బెల్టు అందించాడు. తడిమితే నల్లటి పొడి వేళ్ళకి అంటింది. ఆ చేతిని చొక్కాకి తుడుచుకుంటూనే ఉన్నాడు. "నేనే చంపుకున్నానన్నమాట" అన్నాడు.

ఆ రోజు నుంచి ప్రతిదీ నన్నే అడగడం మొదలుపెట్టాడు. ఈ బిళ్ళ పొద్దుటిదేనా, స్టవ్ ఆపానా, చొక్కా తిరగేసి తొడుక్కున్నానా. అబద్ధమెందుకు, నాకు హాయిగానే ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి. బండిని తుక్కుకి తోలేశామని ఆయనకి చెప్పాం. మెకానిక్కు ఫ్యూజు పెట్టేసి దాన్ని డ్రైవింగు స్కూలుకి ఇప్పించాడు. నాన్న సాకిన ఇంజను కదా, ఒక్క తిప్పుకే అందుకుంటుందట. అది రోజూ మన వీధిలోంచే వెళుతుంది.

ఒక సాయంత్రం మేడ వరండాలో కూర్చున్నవాడు దిగ్గున లేచాడు.

"అమ్మడూ! మన బండే!"

"అలాంటివి ఊరినిండా ఉన్నాయి నాన్నా."

"కాదే, సైలెన్సరు రేకుకి నేను తీగ కట్టాను. ఫస్టు గేర్లో గలగలమంటుంది, విను."

విన్నాను. నేర్చుకునేవాళ్ళెవరో తడబడి సరిగ్గా మన కిందే ఆపేశారు. నీలం బండి, మన నంబరు. నాన్న కమ్మీ పట్టుకుని ముందుకి వంగాడు.

"ఏ రంగే?"

"ఎర్రది" అన్నాను. అక్కడితో ఊరుకోలేదు. "కళ్ళు పోయింది చాలక చెవులు కూడా పోగొట్టుకున్నావా నాన్నా?"

మెల్లగా కూర్చున్నాడు. "అంతేనేమోలే" అన్నాడు.

అందుకే నీ గొంతుని కూడా నమ్మలేదు. ఫోన్ పెట్టేశాక "అది పెద్దోడేనా?" అని నన్నడిగాడు. అవునన్నాను. అప్పుడు నమ్మాడు.

ఇప్పుడైనా నిజం చెప్పెయ్యమంటావు. చెబితే బండి అడుగుతాడని నాకు భయం లేదు. నేనేమిటో తెలిసిపోతుంది.

మొన్న మంగళవారం క్లినిక్కులో జనం విరగబడ్డారు. మధ్యాహ్నం మూడింటికి గానీ ఇంటికి రాలేకపోయాను. నాన్న బల్ల దగ్గర చేతులు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్న నేను గిన్నెల మీద పెట్టిన మూతలు పెట్టినట్టే ఉన్నాయి.

"అమ్మడూ, నేను భోంచేశానా?"

"చేశావు" అన్నాను. ఎందుకన్నానంటే, నమ్ముతాడో లేదో చూద్దామని.

తల ఊపాడు. గోడ తడుముకుంటూ కుళాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు, నోరు పుక్కిలించాడు, వెళ్ళి పడుకున్నాడు.

అరగంట తర్వాత కంచంలో వడ్డించి పట్టుకెళ్ళాను. లేపి ఎంత బతిమాలినా ముట్టుకోలేదు.

"ఇందాకే తిన్నానుగా తల్లీ. నువ్వేగా చెప్పావు" అన్నాడు.

ఇట్లు,
నీ చెల్లెలు