పెడల్‌కి ఉండాల్సిన వదులు

అమ్మాయ్,

మీ మావయ్యను రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, కూడబలుక్కుని చదువుకో.

జీపు ఎత్తెక్కేటప్పుడు ఇంజను అరుస్తోంది గానీ బండి కదలట్లేదు, కాలిన వాసన వస్తోంది అని నువ్వు చెప్తే, షెడ్డులో నలుగురి ముందూ నిన్ను అన్నాను, "క్లచ్ మీద కాలు పెట్టుకుని నిద్రపోతే ప్లేటు కాలక ఏమవుతుంది" అని. ఆ రోజు నుంచీ నువ్వు బండి ముట్టుకోలేదు. మందుల సంచీ మోసుకుంటూ కొండ మీది రోగుల దగ్గరికి నడిచే వెళ్తున్నావట.

నిన్న గేరుబాక్సు దించి చూశాను. ప్లేటు అరిగిపోయింది. అరగ్గొట్టింది నువ్వు కాదు. క్లచ్ పనిచేయడం మొదలయ్యేలోపు పెడల్ కాస్త ఊరికే కదిలేంత వదులు ఉండాలి. నా ఎడమకాలు అంత లోతుకి తొక్కలేకపోతోందని, కొంచెం తొక్కితేనే పనిచేసేలా, ఎవరికీ చెప్పకుండా పెడల్ రాడ్డు నేనే బిగించాను. దాంతో ఎవరూ తొక్కకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే ఉండిపోయింది. "పెడల్‌కి వదులు లేదు మావయ్యగారూ" అని నువ్వు అన్నావు కూడా. నాకు నేర్పొద్దన్నాను.

కొత్త ప్లేటు వేసి, వదులు సరిగ్గా పెట్టాను. తప్పు నాదేనని షెడ్డులో ఆ నలుగురికీ చెప్పాను. నవ్వారు, నవ్వనీ.

ఇప్పుడా పెడల్ తొక్కడం నా వల్ల కాదు. బండి ఇక నీదే. సోమవారం కొండకి వెళ్ళేటప్పుడు వచ్చి పక్క సీట్లో కూర్చుంటాను. నోరు మెదపను.

మీ మావయ్య