బస్సులో చెప్పిన ముగింపులు

బావా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి ఏడాది దాటి మూడో నెల నడుస్తోంది. నీ కుట్టుమిషన్ ఆగలేదు. కోట్లు, ప్యాంట్లు నాకు రావు గానీ, జాకెట్లంటే చంద్రగిరిలో సగంమంది నా దగ్గరికే వస్తున్నారు. ఈ ఉత్తరం దాని గురించి కాదు. సినిమాల గురించి. ఇంకెవరితో చెప్పుకోను?

సంవత్సరీకం అయ్యేదాకా తిరుపతి వైపు చూడలేదు. అయిన మరుసటి ఆదివారమే ఇంగ్లీషు సినిమా మార్నింగ్ షోకు వెళ్ళాను. ఒక్కదాన్నే, బాల్కనీలో మనం కూర్చునే వైపే. కాలేజీ కుర్రాళ్ళు తిరిగి తిరిగి చూశారు. చూడనీ.

ఇంటికొచ్చేసరికి మీ అక్క ముఖం మాడ్చుకుని కూర్చుంది. మొగుడు పోయినదానికి సినిమాలేమిటని ఊరు నవ్వుతోందట. వారం రోజులు నాతో మాటల్లేవు. వదినకు ఎలా చెప్పను బావా? ఇంట్లో నీ ఫొటో ఉంది, దుకాణంలో నీ కత్తెర ఉంది. నీ గొంతు మాత్రం ఆ చీకటి హాల్లోనే ఉంది... నా కుడి చెవి పక్కన. సినిమాలు మానేస్తే అదీ పోతుంది. అందుకే మానలేదు.

ఇక నా తీర్పులు విను. రాకెట్ల సినిమా ఒకటి వచ్చింది, అందరూ ఆహా అన్నారు. నాకు నచ్చలేదు. ఆకాశంలో అంత దూరం పోయి అక్కడా కొట్టుకోవడమే అయితే ఇక్కడే కొట్టుకోవచ్చు కదా? పైగా అందరికీ ఒకే గుడ్డ, ఒకే కుట్టు. ఆ కాలర్లు చూస్తే నువ్వు తల పట్టుకునేవాడివి. దయ్యం సినిమాలో ఆ పిల్ల లైటు వేయకుండా కింది గదిలోకి దిగుతుంది. స్విచ్చు పక్కనే ఉంది, నాకు కనిపిస్తోంది! అలాంటిదాన్ని దయ్యం పట్టక ఏం చేస్తుంది?

డ్యాము తెగే సినిమా మాత్రం ఫస్టు క్లాసు. నీళ్ళు రాబోయే ముందు ఆవులన్నీ మేత మానేసి ఒకే వైపు తిరిగి నిలబడతాయి. ఒక్క మాట లేదు. మనవాళ్ళయితే అక్కడొక ఏడుపు పాట పెట్టేవాళ్ళు.

ఇంగ్లీషు రాకపోతే ఏం బావా... ముఖాలు చూస్తే చాలు, అన్నీ తెలుస్తున్నాయి. నువ్వు చెవిలో కథ చెబుతుంటే నేను తెర సగమే చూసేదాన్నని ఇప్పుడు అర్థమైంది. కోపం తెచ్చుకోకు.

అసలు సంగతికి వస్తాను. మనిద్దరం ఒక్క సినిమా అయినా చివరిదాకా చూశామా? ఇంకాసేపట్లో అయిపోతుందనగా నువ్వు లేచేవాడివి. "లెయ్యిమ్మే, బస్సు పోతాది. అక్క అన్నం తినకుండా కూసోనుంటాది." మిగతా కథ బస్సులో చెప్పేవాడివి. ఎనిమిదో తరగతితో ఆపేసిన నీకు ఇంగ్లీషు వచ్చని నేను ఎంత నమ్మానో!

మంచు ఊళ్ళో రోడ్డు పక్కన కాఫీ హోటలు నడిపే అతని సినిమా గుర్తుందా? పెళ్ళాం పెట్టె పట్టుకుని రైలెక్కి వెళ్ళిపోతుంది. అతను ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా మనం లేచి వచ్చేశాం. ఆమె తిరిగొచ్చిందా అని బస్సులో నీ ప్రాణం తీశాను. "వచ్చేసిందిలేమ్మే, యాడికి పోతాది? మంచు కరిగినాక వచ్చేసింది. ఆమె కప్పు ఎవురికీ ఈకుండా ఎత్తిపెట్టుకోనుండాడు వాడు."

ఆ సినిమా పోయిన నెల మళ్ళీ వచ్చింది. ఈసారి చివరిదాకా కూర్చున్నాను.

ఆమె రాలేదు బావా.

మంచు కరిగింది. అతను ఆమె కప్పు తీశాడు, తుడిచాడు, కాసేపు చేతిలో పట్టుకున్నాడు. తర్వాత ఎదురుగా కూర్చున్న లారీ డ్రైవరుకు అందులోనే కాఫీ పోసి ఇచ్చాడు. అంతే, లైట్లు వెలిగాయి.

ముందు నవ్వొచ్చింది. నువ్వూ నాతోనే లేచి వచ్చేవాడివి కదా... మరి ఆ ముగింపులు నీకెవరు చెప్పారు? అన్నీ నువ్వు కుట్టినవేనా? తప్పిపోయినవాళ్ళు దొరకడం, పోయినవాళ్ళు తిరిగి రావడం... ఒక్కటీ నిజం కాదా? హాలు ఊడ్చే ఆమె వచ్చి లేపేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

అయినా తీర్పు తీర్పే. సినిమావాడి ముగింపే గొప్పది. ఏడాదిగా దుకాణంలో నీ స్టూలు మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. మర్నాడు కొలతలకు వచ్చిన ఒక ముసలామెను దాని మీదే కూర్చోబెట్టాను.

మరుసటి ఆదివారం అదే సినిమాకు వదినను రమ్మన్నాను. మనిద్దరమూ పోతే ఇంట్లో అన్నం తినకుండా ఎదురుచూసేవాళ్ళే ఉండరు కదా అన్నాను. తిట్టింది. తిడుతూనే ఇస్త్రీ చీర కట్టుకుంది. హాల్లో ప్రతిదానికీ ఎవరు, ఏమిటని అడుగుతూనే ఉంది, నేను చెవిలో చెబుతూనే ఉన్నాను. రైలు వెళ్ళిపోయాక నా భుజం మీద నిద్రపోయింది.

బస్సులో అడిగింది. "ఆ పిల్ల మళ్ళీ వచ్చినాదా?"

నిజం నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆమె ముఖం చూశాను. గూడూరు మైకా గనుల్లో పనికని పోయి తిరిగిరాని మొగుడి కోసం ఇన్నేళ్ళుగా వీధి తలుపు గడియ పెట్టకుండా పడుకునే మనిషి. చిన్నప్పటి నుంచీ ఆ తలుపు చూస్తూ పెరిగావు నువ్వు. ఆ ముగింపులు కుట్టడం నీకెక్కడ అలవాటైందో అప్పుడు తెలిసింది.

"వచ్చేసిందిలే వదినా," అన్నాను. "యాడికి పోతాది?"

వదిన కిటికీ వైపు తిరిగింది. ఊరు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఇకమీదట ఏ సినిమా అయినా చివరిదాకా చూస్తాను బావా. వదినకు మాత్రం బస్సులో నీ ముగింపే చెబుతాను.

నీ
సుగుణ